నీలం మారకపోతే పాలసీ

అయిదు మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణం, ఎనిమిది చుక్కల మూత్రం, కింద స్పిరిట్ దీపం. రెండు నిమిషాలు మరిగితే చాలు. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొద్దిగా, పసుపైతే ఇంకాస్త, ఇటుక రంగుకు దిగితే ఇక చెప్పేదేముంది! జనగామలో ఒక డాక్టరు గారి దగ్గర 1977లో కాంపౌండరుగా చేరాను. ఆయన బీమా వాళ్ల ప్యానెల్ డాక్టరు. పాలసీ కట్టేవాళ్ల ఎత్తు, బరువు చూడడం, ఊపిరి పీలిస్తే ఛాతీ ఎంత విప్పారిందో టేపుతో కొలవడం, ఈ గొట్టం మరిగించడం నా పని. నాడి, బీపీ, సంతకం ఆయనవి.

1979లో ఒక బడిపంతులు వచ్చాడు, వెంట ఏజెంటు. గొట్టం ఇటుక రంగు తిరిగింది. ఏజెంటు నా భుజం మీద చెయ్యేసి, "పెండ్లిల లడ్డూలు తిన్నడు తమ్మీ, ఇంకోపారి చూడరాదూ" అన్నాడు. ఆ ఇంకోపారి గొట్టంలో పోసింది నా మూత్రం. నీలం మారలేదు. నాకు ముట్టింది అయిదు రూపాయలూ, ఒక చాయ్.

పద్నాలుగు నెలలకే పంతులు పోయాడు. పాలసీ తీసుకున్న కొత్తలోనే మనిషి పోతే విచారణ ఉంటుంది. హైదరాబాదు ఆస్పత్రి చీటీలో ఆరేళ్లుగా మధుమేహమని రాసి ఉంది. ఫారంలో 'లేదు' అని ఉంది. డబ్బు రాలేదు. ఆయన భార్య మా దవాఖాన మెట్ల మీద కూర్చుని, "మీరు చూసిన్నాడు లేకుండెనా అన్నా, ఆ చక్కెర?" అని అడిగింది. నేను లోపలికి పోయి సీసాలు కడుక్కుంటూ ఉండిపోయాను.

ఆ 'లేదు' ఎక్కడ మొదలైందో అప్పటి నుంచీ దొరికిన కాగితమల్లా చదువుతూ వచ్చాను.

1818లో కలకత్తాలో ఓరియంటల్ లైఫ్ కంపెనీ పెట్టింది ప్రధానంగా ఇక్కడున్న ఐరోపా వాళ్ల కోసం. తర్వాత్తర్వాత మనవాళ్లకు పాలసీ ఇచ్చినా కంపెనీలు కిస్తు ఎక్కువ వేసేవి. షుగరో, దగ్గో ఉన్నందుకు కాదు, ఇక్కడ పుట్టినందుకు. పుట్టుకనే పాత రోగం కింద జమ కట్టారన్నమాట. 1870లో బొంబాయి మ్యూచువల్ వచ్చి అందరికీ ఒకే రేటు అన్నాక ఆ ఎక్స్‌ట్రా కదిలింది. మన నిజాం రాజ్యంలో 1907లో సర్కారు నౌకర్ల కోసం కుటుంబ పింఛను నిధి పెట్టారు. 1913లో దాని చోట స్టేట్ లైఫ్ ఇన్సూరెన్స్ ఫండ్ వచ్చింది. నేటికీ టీచర్ల జీతంలోంచి నెలనెలా కోసే సర్కారు జీవిత బీమాకు మూలం అదే. మిగతా జనానికి బీమా మాట వినే తీరిక ఎక్కడిది? 1946 జులైలో కడవెండిలో దొర మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య పడిపోయి రైతుల సాయుధ పోరాటం రాజుకున్న నాటి నుంచి అయిదేళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో రేపటికి బతికుంటామో లేదోనన్నదే లెక్క. 1956 జనవరి 19న ఆర్డినెన్సు తెచ్చి, సెప్టెంబరు 1న 245 కంపెనీలను, సంఘాలను కలిపి ఎల్ఐసీ చేశాకే బీమా మనిషి సైకిలెక్కి పల్లెబాట పట్టాడు.

రోగాన్ని పైసల్లోకి మార్చే లెక్క మాత్రం అమెరికా నుంచి వచ్చింది. న్యూయార్క్ లైఫ్ కంపెనీలో ఆర్థర్ హంటర్ అనే గణాంకుడు, ఆస్కార్ రోజర్స్ అనే డాక్టరు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూర్చుని మనిషికి మార్కులు వేశారు. మామూలు ఆరోగ్యానికి 100. బరువు ఎక్కువైతే కొన్ని కలుపు, తండ్రి చిన్న వయసులో పోతే ఇంకొన్ని కలుపు, తల్లిదండ్రులు నిండు ఆయుష్షు బతికితే కొన్ని తీసెయ్యి. మొత్తం చూసి ఎక్స్‌ట్రా వేయడమా, మొదటి కొన్నేళ్లలో పోతే సొమ్ములో కొంతే ఇస్తామనడమా, ఇంకో ఏడాది ఆగి రమ్మనడమా, అసలే వద్దనడమా తేలుస్తారు. ఇదివరకైతే రోగం పేరు వినగానే తలుపు వేసేవాళ్లు, ఈ మార్కులతో తలుపు సందు తెరుచుకుంది. కానీ ఆ సందులోంచి నిజం చెప్పినవాడికి కనబడేది ఎక్కువ కిస్తు, చెప్పనివాడికి మామూలు కిస్తు. మా ఊళ్లో తగ్గిన క్షయ ఫారం మీద 'పాత జలుబు' అయింది అందుకే.

1986లో మా డాక్టరు గారి తమ్ముడు మానుకోటలో దవాఖాన పెడితే నన్నక్కడికి పంపారు. మహబూబాబాదును ఇప్పటికీ మేం మానుకోట అనే అంటాం. తండాల నుంచి వచ్చేవాళ్లతో అసలు చిక్కు షుగర్ కాదు, ఫారంలో తల్లిదండ్రుల గడి. బతికున్నారా, వయసెంత, పోతే ఏ ఏట పోయారు, ఏ రోగంతో? 'జ్వరం' అన్న ఒక్క మాట కింద మలేరియా, క్షయ, పాము కాటు, పురిటి చావు అన్నీ దూరేవి. ఆడవాళ్లకైతే చదువుందా, సొంత సంపాదన ఉందా అని వేరే తరగతులు. నెల తప్పిందా అన్న ప్రశ్న వేరు. ఒకావిడను వయసడిగాను. "పోలీసు యాక్షనప్పుడు మా యాడి సంకల ఉన్న" అంది. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. 1948 సెప్టెంబరు అని లెక్కగట్టి నలభై అని వేశాను. మీ యాడి ఎట్ల పోయిందమ్మా అంటే, "పొద్దుగాల మంచిగనే ఉండె. మాపటికి లేదు" అంది. ఆ గడిలో ఏం రాయను? అబద్ధమాడే ఉద్దేశం ఆమెకు ఇసుమంత లేదు, నిజం చెప్పే దారీ లేదు. 'జ్వరం' అని నేనే రాశాను.

భూపాలపల్లిలో సంగతి తలకిందులు. మా అల్లుడు సింగరేణిలో, కేటీకే గనిలో పనిచేసేవాడు. గని మనిషికి మైన్స్ రూల్స్ ప్రకారం అయిదేళ్లకోసారి వైద్య పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. బీమా ఫారం ముందు కూర్చుంటే ఆ మనిషికి దమ్ము లేదు, దగ్గు లేదు, మెట్లు పరుగున ఎక్కుతాడు. అదే మనిషి కొత్తగూడెంలో మెడికల్ బోర్డు ముందుకు పోతే రెండడుగులకే ఆయాసం. ఎందుకంటే బోర్డు అన్‌ఫిట్ అంటే కొడుక్కి నౌకరీ దొరికే దారి ఉంది. 2017లో వారసత్వ ఉద్యోగాలను కోర్టులు కొట్టేశాక ఆ దారికి మరీ గిరాకీ పెరిగింది. నవ్వకండి. నిజంగా బొగ్గుదుమ్ము పట్టిన ఊపిరితిత్తులు రెండు చోట్లా ఒకటే. ఏ కాగితం ఏమిస్తుందో చూసుకుని మనిషి నోరు విప్పుతాడు. మా అల్లుడు కూడా అంతే, నా ముందరే!

చట్టం సంగతికొస్తే, 1938 బీమా చట్టంలోని 45వ సెక్షను ప్రకారం రెండేళ్లు నిండిన పాలసీని, తెలిసి తెలిసి మోసం చేశారని కంపెనీ రుజువు చేస్తే తప్ప, తిరగదోడడానికి వీల్లేకుండేది. 2015 సవరణతో రెండు మూడయింది, మూడేళ్లు దాటాక ఏ కారణంతోనూ ప్రశ్నించరాదన్నారు. ఈ మాట పట్టుకుని, "మూడేండ్లు ఎట్లన్న గడిస్తే చాలు" అనే ఏజెంట్లు బయల్దేరారు. రోగం కేలండరు చూసి రాదు కదా. 1987లో పాలసీ తీసుకున్న ఒకాయన అంతకు నాలుగేళ్ల ముందరి థైరాయిడ్ ఆపరేషన్ చెప్పలేదు, కొన్ని నెలలకే పోయాడు. ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక సుప్రీం కోర్టు ఆ కుటుంబానికి రాదనే తేల్చింది. మా పంతులు భార్య కోర్టు మెట్లెక్కలేదు, అదొక్కటే తేడా.

ఇంకో మెలిక రైతులకు తెలియదు. కరువు ఏడాది కిస్తు ఆగితే పాలసీ పడిపోతుంది. మళ్లీ లేపాలంటే ఆరోగ్యం బాగుందని మళ్లీ రాసివ్వాలి. ఆ నడుమ షుగర్ బయటపడితే అది కొత్త ఫారానికి పాత రోగం. మూడేళ్లూ మళ్లీ ఒకటి నుంచే మొదలు.

ఇక నా గొట్టం కథ ఎప్పుడో ముగిసింది. మూత్రం ఆ పూట సంగతే చెబుతుంది. ఇప్పుడు చేసే హెచ్‌బీఏవన్‌సీ రెండు మూడు నెలల చక్కెరను పట్టిస్తుంది. లడ్డూల సాకు దాని ముందు సాగదు.

2018 ఆగస్టులో రైతు బీమా వచ్చినప్పుడు ఆ ఫారం తెచ్చుకుని రెండుసార్లు తిరగేశాను. రోగం గడి ఎక్కడా లేదు. గుంట భూమి పట్టా ఉన్నా చాలు, 18 నుంచి 59 ఏళ్ల లోపు ఉంటే చాలు, ఏ కారణంతో పోయినా అయిదు లక్షలు. మొదటి ఏడాది మనిషికి 2,271 రూపాయల 50 పైసల కిస్తు సర్కారే ఎల్ఐసీకి కట్టింది. లక్షల మందిని ఒక్క మూటగా కట్టినప్పుడు ఒక్కొక్కరి ఒంట్లో ఏముందో వెతకక్కర్లేదు, మూట మొత్తం మీద లెక్క కుదురుతుంది. ఏళ్ల తరబడి గొట్టాలు మరిగించిన నాకు ఆ ఫారం చూసి సంతోషమేసింది, కొంచెం కోపమూ వచ్చింది. రోగం ఉందా అన్న చోట పట్టా ఉందా అని వచ్చి కూర్చుంది. కౌలుదారు ఎంత గట్టి మనిషైనా అందులో లేడు. ఆధార్‌లో ఎవరో అంచనాగా 01-01 వేసి పుట్టించిన తండా మనిషి యాభై ఆరేళ్లకే అరవై దాటిపోయాడు.

మొన్న లింగాలఘనపురం వైపు నుంచి ఒక కౌలు రైతు మా ఇంటికొచ్చాడు. నలభై నాలుగేళ్లు. మూడెకరాల పత్తి, ఒక్క గుంటా తనది కాదు. వెంట కుర్ర ఏజెంటు, చేతిలో ఫోను. ప్రశ్నలు గబగబా చదువుతూ, "షుగర్? లేదని కొట్టనా?" అన్నాడు. రైతు నా వైపు చూశాడు. నేను ఫోను తీసుకుని 'ఉంది' మీద వేలు పెట్టి, ఎన్నేళ్లుగా అన్న చోట తొమ్మిది అని, మందు అన్న చోట మెట్‌ఫార్మిన్ అని కొట్టించాను. కుర్రాడి మొహం మాడింది.

ఆఫీసు నుంచి కబురు ఇంకా రాలేదు. "ఎక్స్‌ట్రా ఎంతేస్తరో ఏమో. మరీ ఎక్కువుంటే పత్తి అమ్మినంకనే కడ్త సారూ" అని చెప్పి పోయాడు రైతు.