మీ ఫోన్‌లో దాక్కున్న వీడియో టేపు: 44,100 కథ

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాట వింటున్నారు, మధ్యలో వాట్సాప్ టింగ్ మంది. పాట ఆగలేదు, టింగ్ కూడా వినపడింది. ఇందులో వింతేముంది అంటారా? పాతికేళ్ల కిందట చాలా కంప్యూటర్లలో ఇది కుదిరేది కాదు. ఆ కథ చెప్పాలంటే రెండు నంబర్లతో మొదలుపెట్టాలి: 44,100, ఇంకోటి 48,000.

కంప్యూటర్ శబ్దాన్ని సెకనుకి కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఒక్కో కొలత ఒక శాంపిల్. సెకనుకి ఎన్ని శాంపిల్స్ తీస్తే అదే శాంపిల్ రేట్. మన చెవి మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. దాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే రెట్టింపు కంటే కాస్త ఎక్కువసార్లు కొలవాలి. అంటే 40,000 దాటితే చాలు. మరి సరిగ్గా 44,100 ఎందుకు? రౌండ్ ఫిగర్ కూడా కాదే!

ఇక్కడే నాకు బాగా నచ్చిన ముక్క ఉంది. 1970ల చివర్లో ఇంత డేటాని దాచడానికి చవకైన హార్డ్ డిస్కులు లేవు. ఉన్నది వీడియో టేపు. సోనీ వాళ్లు శాంపిల్స్‌ని నలుపు తెలుపు చుక్కలుగా మార్చి, టీవీ బొమ్మ అన్నట్టుగా టేపు మీద రికార్డు చేశారు. టీవీ బొమ్మలో ఒక్కో గీతకి 3 శాంపిల్స్. అమెరికా, జపాన్ టీవీ పద్ధతిలో వాడుకోదగ్గ గీతలు ఫీల్డుకి 245, సెకనుకి 60 ఫీల్డులు. 245 ఇంటూ 60 ఇంటూ 3 చేసి చూడండి... 44,100. యూరప్ పద్ధతిలో 294 గీతలు, 50 ఫీల్డులు. మళ్లీ 3తో గుణిస్తే అదే 44,100! రెండు చోట్లా అతికిన నంబర్ అది. 1982లో సీడీ వచ్చినప్పుడు అదే ఖాయమైంది. టేపు పోయింది, నంబర్ మిగిలింది.

సినిమా, టీవీ వాళ్లకి ఈ నంబర్‌తో ఇబ్బంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. 44,100ని 24తో భాగిస్తే ఫ్రేముకి 1837న్నర శాంపిల్స్. అర శాంపిల్‌ని ఎక్కడ కోస్తారు? 48,000 అయితే ఫ్రేముకి నిక్కచ్చిగా 2,000. అలా వీడియో లోకం అటు వెళ్లింది, పాటల లోకం ఇటు ఉండిపోయింది.

ఒకప్పుడు గుంతకల్లు లాంటి జంక్షన్లలో మీటర్ గేజ్ బండి దిగి బ్రాడ్ గేజ్ బండి ఎక్కేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఇదీ అంతే. ఒక రేటు నుంచి ఇంకో రేటుకి మారాలంటే ప్రతి 147 శాంపిల్స్‌ని 160గా లెక్కగట్టాలి. మార్చకుండా 48,000 రికార్డింగ్‌ని 44,100 అనుకుని ప్లే చేశారనుకోండి, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగిపోతుంది. 4 నిమిషాల పాట 21 సెకన్లు సాగుతుంది.

ఇక కంప్యూటర్ దగ్గరికొద్దాం. 1997లో ఇంటెల్ తెచ్చిన ఏసీ 97 పద్ధతిలో చవకైన ఆడియో చిప్పులకి మూల రేటు 48,000. సీడీ పాట పెట్టారా, ఎక్కడో ఒక చోట గేజ్ మారాల్సిందే. అప్పటి చవక లెక్కల్లో సౌండ్ నిజంగానే పాడయ్యేది. "రీశాంప్లింగ్ అంటే పాపం" అనే మాట అప్పుడు పుట్టింది. ఇప్పటి మంచి రీశాంప్లర్ల విషయంలో అది ఉత్త భయమే అని నా అభిప్రాయం.

అసలు గొడవ ఇంకోటి. చిప్పుకి ద్వారం ఒక్కటే. లినక్స్‌లో పాత ఓఎస్ఎస్ రోజుల్లో ఒక ప్రోగ్రామ్ సౌండ్ డివైస్ తెరిస్తే, చాలా కార్డుల్లో రెండోదానికి "డివైస్ బిజీ" అనే జవాబే. దానికి విరుగుడు సాఫ్ట్‌వేర్ మిక్సింగ్. చేసేది కూడికే: పాట శాంపిల్‌కి టింగ్ శాంపిల్ కలపడం. కానీ 16 బిట్లలో 32,767 దాటితే చోటు లేదు, శబ్దం చిరిగిపోతుంది. పైగా కలపాలంటే రెండూ ఒకే రేటులో ఉండాలి. లేకపోతే ఏ శాంపిల్‌ని దేనితో కూడతారు?

విండోస్ 98లో ఈ పని కేమిక్సర్ చేసింది. లినక్స్‌లో డీమిక్స్, తర్వాత పల్స్ఆడియో. 2007లో ఫెడోరా 8, 2008లో ఉబుంటు 8.04 పల్స్ఆడియోని అందరికీ పెట్టేశాయి. చిటపటలు, ఆగిపోవడాలు, బోలెడు తిట్లు! తప్పంతా దానిదే కాదు, కింద డ్రైవర్లలో దాక్కున్న లోపాలు కూడా అప్పుడే బయటపడ్డాయి. 2021లో ఫెడోరా 34 పైప్‌వైర్‌కి మారింది. పల్స్ఆడియో మామూలుగా 44,100 దగ్గర కలిపేది, పైప్‌వైర్ 48,000 దగ్గర కలుపుతుంది.

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఈ పని ఆడియోఫ్లింగర్‌ది. చాలా ఫోన్లలో రేటు 48,000. మీరు వినే సీడీ రేటు పాట అక్కడ గేజ్ మారే వస్తోంది.

లాప్‌టాప్ ఉంటే చూడండి. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ ఫార్మాట్ అని ఉంటుంది. పాటలే ఎక్కువ వింటే 44,100, వీడియోలే ఎక్కువైతే 48,000 పెట్టుకోండి. పైప్‌వైర్‌లో అయితే అనుమతించిన రేట్ల జాబితాలో రెండూ రాసుకోవచ్చు, పాటని బట్టి అదే మారుతుంది. కాకపోతే అప్పటికే ఇంకేదో మోగుతూ ఉంటే మారదు. ముందు ఎక్కినవాడి గేజే నడుస్తుంది.