సెయింట్ మార్గరెట్ గుర్తు: లెస్టర్ కోరా కుటుంబ సంస్థ

హోజరీ పడుగు పేకలతో నేసే వస్త్రం కాదు. దారాన్ని ఉచ్చులో ఉచ్చుగా దూర్చి అల్లే మేజోళ్లు, బనియన్ల వంటి సరుకు. 1589లో విలియం లీ కనిపెట్టాడని చెప్పే అల్లిక చట్రం ఈ పనిని చేతి సూదుల నుంచి యంత్రానికి మార్చింది. ఆ చట్రాలు అల్లేవారి ఇళ్లలోనే ఉండగా, వ్యాపారి నూలు ఇచ్చి మజూరీ చెల్లించే పద్ధతి ఇంగ్లండులోని లెస్టర్ పరిసర పల్లెల్లో స్థిరపడింది. చేనేతలో మాస్టర్ వీవరు పద్ధతి ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు గాని, అక్కడి అల్లికదారు చాలాచోట్ల చట్రానికి అద్దె కూడా కట్టుకోవలసి వచ్చేది. 1874లో చట్టం నిషేధించేదాకా ఆ అద్దె కూలిలోంచి కోత పడుతూనే ఉండేది.

బార్లెస్టోన్ గ్రామానికి చెందిన నథానియల్ కోరా ఈ చట్రాలు తయారుచేసే పనివాడు. 1815 ప్రాంతంలో లెస్టర్‌లోని గ్లోబ్ అనే పానశాలలో అల్లికదారుల వద్ద సరుకు కొని బర్మింగ్‌హామ్‌లో అమ్మడంతో ఆయన వ్యాపారం మొదలైంది. అంటే ఈ సంస్థకు పునాది యంత్రం కాదు, బేరం. కొడుకులు చేరాక అది ‘ఎన్. కోరా అండ్ సన్స్’ అయింది. ఆవిరి శక్తి వచ్చిన తరువాత పని ఇళ్ల నుంచి కర్మాగారానికి తరలసాగింది. 1860ల మధ్యలో సెయింట్ మార్గరెట్ చర్చి సమీపాన కట్టిన పెద్ద కర్మాగారానికి ఆ చర్చి పేరే పెట్టారు. సరుకు మీద వ్యాపార చిహ్నంగానూ అదే నిలిచింది.

సంస్థ చరిత్రలో అసలు మలుపు 1926లో వచ్చింది. ఉత్పత్తిదారు టోకు వర్తకుడికే అమ్మాలన్నది అప్పటి కట్టుబాటు, దాన్ని మీరినవారిని టోకు వర్తకుల సంఘం వెలివేసేది; అయినా కోరా సంస్థ మధ్యవర్తిని తప్పించి మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాలకు నేరుగా సరుకు ఇవ్వడానికి తెగించింది. ఆ దుకాణాలు 1928లో నమోదు చేసుకున్న ‘సెయింట్ మైకేల్’ పేరుకు కోరా వారి చిహ్నమే స్ఫూర్తి అంటారు.

ఆ తెగింపు దశాబ్దాల పాటు ఫలించింది. 1965లో 150 ఏళ్లు నిండిన సందర్భంగా సంస్థ చరిత్ర పుస్తకంగా కూడా వెలువడింది. కాని కొనేవాడు ప్రధానంగా ఒక్కడే అయినప్పుడు ధర నిర్ణయం అతని చేతికి పోతుంది. చౌక దిగుమతులు పెరిగేకొద్దీ ఆ ఒత్తిడి ఉత్పత్తిదారు మీదే పడింది. 1989లో కోరా సంస్థ చార్టర్‌హాల్ అనే కంపెనీ పరమై, తరువాతి ఏళ్లలో ముక్కలుగా విడిపోయింది.