తోట రాముడు, రామయ్య: కష్టకాలంలో ధైర్యమిచ్చిన రెండు చిత్రాలు

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత తెలంగాణ సాయుధ పోరాట దళాలు అనేకం గోదావరి పరీవాహక అడవులకు తరలాయి. కొత్తగూడెం చుట్టుపక్కల పాల్వంచ, ఇల్లందు అడవులు వాటికి ఆశ్రయమిచ్చాయి. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. అదే సంవత్సరం కె.వి.రెడ్డి ‘పాతాళభైరవి’ విడుదలైంది.

తోటమాలి కొడుకు తోట రాముడు సాహసించి రాకుమారిని పొందడం ఆ చిత్ర కథ. సామాన్యుడు గెలవగలడన్న భరోసా అందులో ఉంది. అయితే ఆ గెలుపు ఒక్కడిది. దానికి భైరవి అనుగ్రహం అవసరమైంది. రాజరికం యథాతథంగా నిలిచింది.

దాదాపు మూడు దశాబ్దాల అనంతరం, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ సాయుధ పోరాటాన్నే ఇతివృత్తంగా స్వీకరించింది. కథానాయకుడు రామయ్య చివరకు మరణిస్తాడు. అయినప్పటికీ ప్రేక్షకుడు నిస్పృహతో లేవడు. దొర భూమిని ఊరు పంచుకొన్న దృశ్యం అతని మనసులో అప్పటికే నిలిచిపోయి ఉంటుంది. ఒకసారి సాధ్యమైనది మళ్లీ సాధ్యమేనన్న ఎరుక ఆ మరణాన్ని దాటి మిగులుతుంది.

కనుక ఉత్తేజాన్ని సుఖాంతంతో సమానం చేయడం సరికాదు. మొదటి చిత్రం కష్టాన్ని మరిపించి ఊరడిస్తుంది. రెండవది కష్టాన్ని చూపుతూనే నిలబెడుతుంది. తెలుగు చలనచిత్ర చరిత్రలో ఈ రెండింటికీ స్థానం ఉండాలి.