హరారే అవ్వల బెంచీ

గది ఖాళీ లేదన్నారు. నర్సులకు తీరిక లేదన్నారు. డబ్బు సంగతి అడగనే అక్కర్లేదు. 2006లో జింబాబ్వే రాజధాని హరారేలో, ఎంబారే అనే పేదల పేటలో, మనోవ్యథలకు వైద్యం అందిద్దామని బయల్దేరిన డాక్టర్ డిక్సన్ చిబాండాకి చివరికి మిగిలింది 14 మంది అవ్వలు. ఆ పేట క్లినిక్కుల తరఫున ఇల్లిల్లూ తిరిగి శుభ్రత గురించి, హెచ్‌ఐవి గురించి చెప్పే ఆరోగ్య కార్యకర్తలు వాళ్లు. షోనా భాషలో వాళ్లని ‘అంబుయా ఉతానో’ అంటారు, అంటే ఆరోగ్యం చూసే అవ్వలన్నమాట. మానసిక వైద్యంలో వాళ్లకి ఓనమాలు తెలియవు. వాళ్లతో ఈ పని అవుతుందన్న నమ్మకం మొదట్లో డాక్టరుకే లేదు.

అసలు ఆయన ఎంబారే దాకా రావడానికి కారణం ఒక చావు. 2005లో ఆయన పేషెంటు ఒకరు, 26 ఏళ్ల యువతి, ఆత్మహత్య చేసుకుంది. అంతకుముందు డిప్రెషన్‌కి ఆయన దగ్గరే వైద్యం చేయించుకుంది. మళ్లీ చూపించుకోవాలని తల్లీకూతుళ్లు అనుకున్నారు కూడా. మరెందుకు రాలేదని అడిగితే, బస్సు చార్జీలకు 15 డాలర్లు లేవని తల్లి చెప్పింది. చిబాండా ఈ సంగతిని తరవాత ఎన్నో వేదికల మీద చెప్పుకున్నాడు. ఆసుపత్రి ఉంది, డాక్టరు ఉన్నాడు, జబ్బేమిటో తెలుసు. అయినా మనిషి దక్కలేదు. ఇలాంటివి జరిగినప్పుడు పేదరికాన్ని తిట్టి ఊరుకోవడం మామూలు. ఆసుపత్రిలో కూర్చుని రోగి కోసం ఎదురుచూసే పద్ధతినే ఈయన అనుమానించాడు.

అప్పటికి దేశం పరిస్థితీ అంతంతమాత్రమే. అదే 2005లో ప్రభుత్వం ‘ఆపరేషన్ మురంబత్స్వినా’ పేరుతో పట్టణాల్లో పేదల ఇళ్లనీ చిన్న దుకాణాలనీ కూల్చేసింది. ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నవాళ్లు ఏడు లక్షల మంది దాకా ఉంటారని ఐక్యరాజ్యసమితి ప్రతినిధి నివేదిక లెక్కగట్టింది. ఎంబారే మీదా ఆ దెబ్బ పడింది. కోటికి పైగా జనాభా ఉన్న ఆ దేశంలో మానసిక వైద్యులు పట్టుమని ఇరవై మంది లేరు. డాక్టర్లు, నర్సులు అవకాశం దొరికితే విదేశాలకు వెళ్లిపోతున్నారు. ఎక్కడికీ వెళ్లనివాళ్లు అవ్వలే. పేటలో ఎవరింట్లో ఏం జరుగుతోందో వాళ్లకి తెలుసు. వాళ్ల మాటకి విలువుంది.

లోపల గది లేదు కాబట్టి క్లినిక్కు ఆవరణలోనే ఆరుబయట ఒక చెక్క బెంచీ వేసుకున్నారు. దాని వెనక పెద్ద సిద్ధాంతమేమీ లేదు. మొదట దానికి ‘మానసిక ఆరోగ్య బెంచీ’ అని పేరు పెట్టారు. దాని దగ్గరికి ఎవరూ రాలేదు. ఈ పేరుంటే ఎవరూ కూర్చోరని అవ్వలే డాక్టరుకి చెప్పారు. అలా అది ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ అయింది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. మానసిక వైద్యశాలలున్న ఈ పేటల పేర్లనే ఎగతాళికి వాడుకున్న మనకి అవ్వల అభ్యంతరం అర్థం కావడం కష్టం కాదు.

బెంచీ దొరికింది. కూర్చున్న మనిషిని ఏమడగాలి? దీనికి జవాబు అంతకు పదేళ్ల ముందే హరారేలో తయారై ఉంది, అదీ ఒక భారతీయుడి చేతుల మీదుగా. ముంబైలో పుట్టిన విక్రం పటేల్ 1990ల తొలి ఏళ్లలో అక్కడ పనిచేశాడు. డిప్రెషన్ అనేది పాశ్చాత్యుల జబ్బేమో, ఆఫ్రికాలో దాన్ని వెతకడం తప్పేమో అన్న సందేహంతో వెళ్లినవాడు, అక్కడి జనంతో మాట్లాడాక ఆ అభిప్రాయం మార్చుకున్నాడు. బాధ ఉంది. దాన్ని చెప్పుకునే తీరు వేరు. ‘కుఫుంగిసిస’, అంటే ఆలోచనలు మితిమీరిపోవడం, అని వాళ్లు చెప్పుకునేవారు. అలాంటి వాడుక మాటలతోనే 14 ప్రశ్నల షోనా పట్టిక తయారై 1997లో అచ్చయింది. ఆలోచనలు ఎక్కువయ్యాయా, నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా? అన్నిటికీ అవుననో కాదనో చెబితే చాలు. బతకాలని లేదన్న జవాబు వస్తే మాత్రం అవ్వ ఒంటరిగా మోయదు. పైవాళ్లకి అప్పజెబుతుంది.

ఆ ప్రశ్నల తరవాత బెంచీ మీద జరిగేదాన్ని వైద్య గ్రంథాల్లో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ థెరపీ’ అంటారు. అవ్వలు దాన్ని తమ భాషలోకి దింపుకున్నారు: మనసు విప్పించడం, మనిషిని పైకెత్తడం, బలపరచడం. వచ్చిన మనిషి ముందు తన కష్టాలన్నీ చెప్పుకుంటుంది. ఇంటద్దె బాకీ, భర్త తాగి కొట్టడం, హెచ్‌ఐవి ఉందని ఇంట్లో చెప్పలేకపోవడం, అన్నీ. వాటిలోంచి ఒక్కదాన్ని ఆమే ఎంచుకోవాలి. దానికి ఈ వారంలో చేయగలిగిన పని ఏమిటో ఆమే చెప్పాలి. వచ్చే వారం వచ్చి ఏమైందో చెప్పాలి. ఇలా ఆరుసార్ల దాకా. పరిష్కారం అవ్వ నోటి నుంచి రాకూడదు. మన ఇళ్లలో పెద్దవాళ్లకి సలహా చెప్పకుండా నోరు కట్టుకోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకి, శిక్షణలో అసలు కష్టం ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు.

బెంచీ మీద మాటలు అయిపోయాక, వచ్చినవాళ్లని ఒకచోట చేర్చి ‘కుబతానా తోసే’ అనే బృందాలు పెట్టారు. కలిసి కూర్చుని వాడేసిన ప్లాస్టిక్‌తో సంచులు అల్లుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. సంచి అమ్మితే నాలుగు డబ్బులు కూడా వస్తాయి. కష్టాల మూలం అద్దె బాకీ అయినప్పుడు, ఆ నాలుగు డబ్బుల్ని వైద్యం కాదని ఎవరంటారు?

కొన్నేళ్లు ఇలా నడిచింది. ఇది నిజంగా పనిచేస్తోందా, లేక అవ్వ ఆప్యాయత ఇచ్చే కాస్త ఊరటేనా అన్న ప్రశ్న వైద్య లోకానిది. అడగాల్సిన ప్రశ్నే. హరారేలోని 24 క్లినిక్కుల్లో 573 మందిని తీసుకుని పరీక్షించారు. సగం క్లినిక్కుల్లో అవ్వల బెంచీ, మిగతా సగంలో నర్సుల సాధారణ సేవే కొంత మెరుగుపరిచి ఇచ్చారు. ఆరు నెలల తరవాత 14 ప్రశ్నల పట్టికలో బెంచీ వాళ్ల సగటు మార్కు 3.81, మిగతావాళ్లది 8.90. ఈ లెక్కలో మార్కు తగ్గితే మేలు. డిప్రెషన్ లక్షణాలు బెంచీ వాళ్లలో నూటికి 14 మందిలోపే మిగిలాయి, రెండో గుంపులో దాదాపు 50 మందిలో. 2016 డిసెంబరులో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక్క మాట మర్చిపోకూడదు. ఆ అధ్యయనంలో చేరినవారిలో నూటికి 86 మంది ఆడవాళ్లు. మగవాళ్లు చేరింది తక్కువే.

పేరొచ్చాక బెంచీలు దేశాలు దాటాయి. మలావి, జాంజిబార్, చివరికి న్యూయార్క్. 2022లో దోహాలో ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి, ఆడే 32 దేశాల పేరిట 32 బెంచీలు వేశారు. ఫొటోల్లో బాగున్నాయి. బెంచీని ఎగుమతి చేయడం తేలికే. వారం వారం వచ్చి అదే చోట కూర్చునే మనిషిని పంపడం తేలిక కాదు.

విక్రం పటేల్ మన దేశానికి తిరిగొచ్చి 1996లో గోవాలో కొందరితో కలిసి ‘సంగత్’ సంస్థను మొదలుపెట్టాడు. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా పెడితే ఏమవుతుందో అక్కడా పరీక్షించారు. 2010లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితాల్లో నాకు ముఖ్యమనిపించిన సంగతి ఒకటుంది: ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఆ పద్ధతి బాగా పనిచేసింది, ప్రైవేటు క్లినిక్కుల్లో అంత తేడా చూపలేదు. ఆ తరవాత మన పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఇలాంటి ప్రయత్నమే చేశారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్లు పట్టుకుని ఇళ్లకు వెళ్లి దిగులు, ఆందోళనల గురించి ప్రశ్నలు అడిగారు. అవసరమైనవాళ్లని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు.

మన ఊళ్లలో అంబుయాల పని చేయగలిగినవాళ్లు ఎవరన్న ప్రశ్నకి జవాబు ఆశాలే. కానీ బాలింతలు, టీకాలు, సర్వేలు అంటూ వాళ్లకిప్పటికే చేతినిండా పని. వాటి మీద ఊరి దుఃఖం కూడా వినమంటే, దానికి వేరే పారితోషికం, వాళ్ల గోడు వినే మనిషి, రెండూ ప్రభుత్వమే చూడాలి. అభిమానంతో చేస్తార్లే అని వదిలేస్తే ఆ పథకం రెండేళ్లు నిలబడదు.

ఈలోగా ఫోను ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణిని ప్రారంభించింది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. పరీక్ష తప్పిన పిల్లాడి తల్లిదండ్రులైనా, అప్పుల్లో ఉన్న రైతు పక్కింటివాళ్లైనా చేయవచ్చు. ఈ నంబరు మీ ఫోనులో ఉంచుకోండి. మీ ఊరి ఆశాకి కూడా ఇవ్వండి.