ఎవరికి ద్రోహి? ఆకెన్ మేయర్ ఒప్పెన్‌హోఫ్ కథ

ఆకెన్‌లో ఒక వీధి పేరు ఒప్పెన్‌హోఫ్‌అలే. జర్మన్‌లో ‘అలే’ అంటే అటూ ఇటూ చెట్లున్న దారి. ఆ వీధికి ఎవరి పేరు పెట్టారో ఈసారి చెప్తాను. దాంతో పాటు ఒక తెలుగు మాట కూడా చూద్దాం: ద్రోహి. అంటే నమ్మినవాళ్లకే చెడు చేసేవాడు.

ఫ్రాంజ్ ఒప్పెన్‌హోఫ్ 1902లో ఆకెన్‌లోనే పుట్టారు. ఆయన లాయరు, క్యాథలిక్కు. నాజీల కాలంలో ఆకెన్ బిషప్ తరఫున పనిచేశారు.

1944 అక్టోబరు 21న అమెరికా సైన్యం ఆకెన్‌ని పట్టుకుంది. అలా మిత్రపక్షాల చేతికి వచ్చిన మొదటి పెద్ద జర్మన్ నగరం ఇదే. ఊరంతా శిథిలాలు. జనంలో చాలామందిని అప్పటికే ఖాళీ చేయించారు. మిగిలినవాళ్లకి తిండి, నీళ్లు, కరెంటు ఎవరు చూడాలి? యుద్ధం ఇంకా అయిపోలేదు. హిట్లర్ ఇంకా బతికే ఉన్నాడు. అక్టోబరు 31న ఒప్పెన్‌హోఫ్ మేయర్ అయ్యారు. ఎన్నిక జరగలేదు, అమెరికన్లే నియమించారు. ప్రాణభయం ఉంది కాబట్టి ఆయన పేరు పత్రికలకి చెప్పలేదు.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. పాత నాజీ పార్టీ సభ్యులకి కూడా ఆయన ఆఫీసులో ఉద్యోగాలు దొరికాయి. దాన్ని కొందరు అమెరికన్ అధికారులే తప్పుపట్టారు.

హిమ్లర్ ఆయన్ని చంపమని ఆజ్ఞ ఇచ్చాడు. ఒక చిన్న దళం విమానం నుంచి పారాచూట్లతో దిగింది. 1945 మార్చి 25 రాత్రి, కూలిన విమానం నుంచి బయటపడ్డ జర్మన్ సైనికులమని చెప్పుకుంటూ వాళ్లు ఆయన ఇంటికి వచ్చారు. అమెరికన్లకి లొంగిపొమ్మని ఆయన సలహా ఇచ్చారు. ఇంటి మెట్ల దగ్గరే ఆయన్ని కాల్చి చంపారు. మేయరుగా అయిదు నెలలు కూడా నిండలేదు. ఇంకో 44 రోజులకి జర్మనీ లొంగిపోయింది. 1949లో ఆకెన్ కోర్టులో విచారణ జరిగింది. పడిన శిక్షలు చిన్నవే.

నాజీలకి ఆయన ద్రోహి. కానీ తెలుగులో ఈ మాట ముందు ఇంకో మాట చేర్చి చూడండి: మిత్రద్రోహి, రాజద్రోహి, దేశద్రోహి. ఎవరికి ద్రోహమో అప్పుడు తెలుస్తుంది. ఒప్పెన్‌హోఫ్ చేసింది రాజద్రోహం అనుకోవచ్చు. కానీ ఊరికి ఆయన ద్రోహం చేయలేదు. అందుకే ఊరు తన వీధికి ఆయన పేరు పెట్టుకుంది.

ఇకమీద ఎవరైనా ఎవరినైనా ద్రోహి అంటే, ముందు ‘ఎవరికి?’ అని అడగండి.