సెంట్రల్‌లో పాతిక ఓట్లు

ఫోను గేటు దగ్గరే తీసేసుకున్నారు. జేబులో పెన్ను, మెడలో ఏజెంటు పాసు. 2019 మే 23. బెజవాడ ఎండకి చొక్కా అప్పుడే వీపుకి అతుక్కుపోయింది. హాల్లో నీకూ లెక్కింపు బల్లకీ మధ్య ఇనప జాలీ ఉంది. దానికి ముక్కు ఆనించి నిలబడతావు.

విజయవాడ సెంట్రల్. నువ్వు సిట్టింగ్ టీడీపీ ఎమ్మెల్యే బొండా ఉమామహేశ్వరరావు ఏజెంటువి. 2014లో ఆయన ఇక్కడ 27,161 మెజారిటీతో గెలిచారు. ఈసారి ఎదుట వైసీపీ తరఫున ఉన్నది మల్లాది విష్ణు. తేలిగ్గా తీసుకోకు. 2009లో ఇదే సీట్లో 848 ఓట్లతో గట్టెక్కిన మనిషాయన.

ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు మొదలు. అధికారి ఒక కవరు ఎత్తి చూపిస్తాడు. డిక్లరేషన్ మీద అటెస్టేషన్ లేదు. అది లేకపోతే లోపలి కవరు విప్పకుండానే తోసేస్తారు. కాబట్టి అందులో ఉన్నది ఎవరి ఓటో నీకు తెలీదు. పోట్లాడతావా? పోట్లాడి నిలబెట్టిన ఓటు అవతలివాళ్లదే కావచ్చు. పక్కన ఉన్న వైసీపీ ఏజెంటూ అదే లెక్కలో ఉన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరూ నోరు విప్పరు. కవరు చెల్లని కట్టలోకి వెళ్లిపోతుంది.

ఎనిమిదిన్నర దాటాక మిషన్లు వస్తాయి. సీలు చూడు. నంబరు చూడు. మొదట 'టోటల్' నొక్కుతారు. పోలింగ్ రోజు బూత్‌లో మనవాళ్లకి ఇచ్చిన 17సి కాగితం (పోలైన ఓట్ల లెక్క) మీది అంకెతో అది కలవాలి. కలిసింది. ఇప్పుడు 'రిజల్ట్'. ఒక్కో అభ్యర్థి అంకె తెర మీద వెలిగి పోతుంది. రాసుకో. అందలేదా? మళ్లీ చూపించమను. సిగ్గుపడకు.

బయట బాణసంచా. మనది కాదు. రాష్ట్రమంతా ఒకటే గాలి: 175 సీట్లలో వైసీపీకి 151, టీడీపీకి మిగిలేది 23. ఇంటికి పోదామనిపిస్తుంది. (ఏజెంట్లు జారుకునేది సరిగ్గా ఇప్పుడే. పొరపాటు జరిగితే పట్టుకునే కళ్లూ వాళ్లతోపాటే పోతాయి.) కానీ ఇక్కడింకా తేలలేదు. ఉండు.

ఆఖర్న వీవీప్యాట్ చీటీలు. సుప్రీంకోర్టు ఈ ఎన్నికల్లోనే సెగ్మెంటుకి ఒక బూత్ అన్నదాన్ని అయిదుకి పెంచింది. ఆ అయిదూ లాటరీ తీసి ఎంచుతారు. గడుల పెట్టెలో గుర్తుకో గడి. సైకిల్. ఫ్యాన్. ఫ్యాన్. సైకిల్. గొంతు ఎండిపోయింది. మంచినీళ్లకి కదలవు.

మొత్తం చదువుతున్నారు.

విష్ణు 70,721.

ఉమ 70,696.

తీసివేత చెయ్యి. మళ్లీ చెయ్యి.

25.

"కాగితం! రాయి తమ్ముడూ, త్వరగా!" వెనకనుంచి మన చీఫ్ ఏజెంటు కేక.

రిటర్నింగ్ అధికారి ఫలితాల పట్టీ మీద సంతకం పెట్టేలోగానే రీకౌంటింగ్ అడగాలి. కారణాలతో, రాతపూర్వకంగా. ఆయన కాదంటే ఎందుకు కాదో రాయాలి. సంతకం పడ్డాక మిగిలేది హైకోర్టే. మరి ఏం కారణం రాస్తావు? మెజారిటీ తక్కువంటే చాలదు. ఏ బల్ల? ఏ మిషన్? ఏ రౌండు? నీ పుస్తకంలో ఉంటే ఉన్నట్టు. లేకపోతే లేదు.

పెన్ను కదలదు. బుర్రలో ఇంకో అంకె తిరుగుతోంది. పదమూడు. ఫ్యాన్ నొక్కినవాళ్లలో పదమూడు మంది సైకిల్ నొక్కి ఉంటే ఒక్క ఓటుతో మనం గెలిచేవాళ్లం. పదమూడంటే సత్యనారాయణపురంలో ఒక అపార్టుమెంటు. సింగ్‌నగర్‌లో ఒక సందు.

ప్రకటించేశారు. ఎమ్మెల్యే మల్లాది విష్ణు.

2024 జూన్ 4న అదే సెంట్రల్‌లో బొండా ఉమ 68,886 మెజారిటీతో గెలిచారు. అప్పటికి వైసీపీ విష్ణును పక్కనపెట్టి, విజయవాడ పశ్చిమం నుంచి వెలంపల్లి శ్రీనివాస్‌ని తెచ్చి నిలబెట్టింది. అంత తేడా వచ్చిన రోజున ఏజెంటు కాగితాలు ఎవరికీ పట్టవు. పాతికతో తేలే రోజున అవే దిక్కు. ఏది ఏ రోజో ముందే తెలీదు గనక, పోలింగ్ ఏజెంటుగా కూర్చున్న సాయంత్రం 17సి కాపీ చేతికి రానిదే బూత్‌లోంచి లేవకు. అక్కడున్న ప్రతి ఏజెంటుకీ అది ఇవ్వడం ప్రిసైడింగ్ అధికారి విధి. అడగడానికి మొహమాటం వద్దు.