బొగ్గును తూచినవారు

భూపాలపల్లి గనుల బొగ్గు చేరువనే యున్న చెల్పూరు విద్యుత్కేంద్రమునకు తరలిపోవుట నిత్యము చూచువారికి, ఈ గోదావరిలోయ బొగ్గును గూర్చి ప్రభుత్వ పరిశోధనశాలలలో ఎంత విచారణ జరిగినదో స్ఫురింపకపోవచ్చును. 1871లో భూగర్భ సర్వేక్షణశాఖకు చెందిన విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనిన కథను మాత్రము అందరు చెప్పుకొందురు. అచ్చటి పొర యొకటి నేటికిని కింగు పేరనే వ్యవహరింపబడుచున్నది. సికింద్రాబాదునుండి బయలుదేరిన నిజాము రైలుమార్గము 1886లో వరంగల్లును, 1889లో బెజవాడను చేరగా, డోర్నకలు వద్ద చీలిన శాఖమీదుగా వచ్చిన సింగరేణి బొగ్గు మానుకోట, జనగామ స్టేషనులను దాటి రాజధానికి నడచెను. మానుకోట యనగా నేటి మహబూబాబాదు.

బొగ్గు లభించెను గాని దాని గుణము వేరు. బూడిద మెండు, కాల్చినచో ముద్దకట్టి గట్టి కోకుగా మారు స్వభావము లేదు. కావుననే బయ్యారపు ఇనుపరాయి అంత దూరములో లేకున్నను, ఊదుకొలిమిలో ఇనుము తీయుటకు ఈ బొగ్గు అక్కరకు రాదయ్యెను.

1944లో నిజాము రాజ్యమున కేంద్ర ప్రయోగశాలలుగా వెలసి, 1956లో శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలిలో చేరి, ప్రాంతీయ పరిశోధనశాల యని పేరొందిన హైదరాబాదు సంస్థ, సయ్యద్ హుస్సేన్ జహీరు సంచాలకుడుగా నున్న కాలమున, ఈ బొగ్గును తన ముఖ్యవిషయములలో నొకటిగా గ్రహించెను. బొగ్గుపరీక్ష చూచుటకు సామాన్యము. మెత్తగా నూరిన గ్రాము బొగ్గును మూతగల మూసలో నుంచి, 900 డిగ్రీల కొలిమిలో సరిగా 7 నిమిషములు నిలిపి, చల్లార్చి తూచి, తగ్గిన తూకమునుండి తేమను తీసివేసినచో ఆవిరియై పోవు భాగమెంతో తేలును. వేరొక గ్రామును మూత లేని పళ్లెరమున 815 డిగ్రీల వద్ద పూర్తిగా కాల్చగా మిగులునది బూడిద. శాస్త్రజ్ఞుడనగా దినమున కొక మహావిష్కారము చేయువాడని తలచు యువకులకు ఈ తూనికలు విసుగు పుట్టింపవచ్చును. నా ఎరుకలో ఆ వృత్తిలో అధికభాగ మిదియే.

ఆ తూనికల యాధారముననే, గాలి సోకనీయక తక్కువ వేడిమిలో బొగ్గును మగ్గించి, పొగ లేని వంటబొగ్గును, తారును, ఇంధనవాయువును రాబట్టు పద్ధతి అచ్చట సాధనచేయబడెను. తారునుండి ఫీనాలులు వచ్చును. అప్పటి మన పరిశ్రమలకు అవి విలువగల సరకు.

ఇనుము మాటయు అంతటితో ముగియలేదు. 1980లో పాల్వంచ స్పాంజి ఐరన్ కర్మాగారమున, ఊదుకొలిమియు కోకును లేకయే, తిరుగుడు గొట్టపుకొలిమిలో ఈ సింగరేణి బొగ్గుతోనే ఇనుపరాతిని కరగనీయక ఇనుముగా మార్చుట ఆరంభమయ్యెను.